దొంగ పిలకలు

తెలకపల్లిలో అమృతమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ వాడ పేరు చెప్పరు. "అగో, అరటాకులు ఊగుతున్నయి జూడు, గా ఇల్లే" అని చెయ్యెత్తి చూపిస్తారు.

పత్తి, కంది, వేరుసెనగ పండే మెట్ట ఊరు అది. ఎండాకాలం వచ్చిందంటే వేపచెట్ల మీద కూడా ఎర్రమట్టి దుమ్ము పేరుకుంటుంది. అలాంటి చోట ఒక పెరటి గోడ మీంచి వెడల్పాటి పచ్చటి ఆకులు బజారులోకి తొంగి చూస్తుంటే కొత్తవాళ్లకు వింతగానే ఉంటుంది. అందులో పెద్ద మర్మమేమీ లేదు. అమృతమ్మ ఆ ఇంట్లో చెంబెడు నీళ్లను కూడా ఊరికే పోనివ్వలేదు, అంతే. స్నానాల బండ మీద పోసుకున్న నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, అన్నీ ఆమె చేత్తో తీసిన సన్నటి కాలువలోంచి అరటి మొదళ్లకే చేరాలి. చుట్టాలొస్తే తాగడానికి నీళ్లివ్వక ముందే "కాళ్లు గాడ కడుక్కోండ్రి" అని పెరట్లోకి నడిపించేది. వియ్యంకుడు మొదటిసారి వచ్చినప్పుడు వాకిట్లోనే కాళ్లు కడుక్కోబోతే ఆయన చేతిలోంచి చెంబు లాక్కున్నంత పని చేసింది.

ఆమె పుట్టిల్లు బల్మూరు. పెళ్లయి వచ్చేనాటికి ఈ పెరడు వట్టి రాళ్లకుప్ప. భర్త కురుమయ్య ఏడాదిలో సగానికి పైగా మేస్త్రీ వెంట మహారాష్ట్రకు కాలువలు తవ్వే పనికి పోయేవాడు. ఒకసారి తిరిగొస్తూ తడిగోనెలో చుట్టిన అరటి పిలక తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తోటివాళ్లంతా పెళ్లాలకు చీరలు తెస్తే తన మొగుడు మట్టిగడ్డ తెచ్చాడని అమృతమ్మ మూతి ముడుచుకుంది.

"కొన్నవా దీన్ని?" అని అడిగింది చివరికి.

"కొంటె బతుకుతదానే? ఎత్తుకొచ్చిన" అన్నాడు కురుమయ్య, అదేదో ఘనకార్యం లాగా.

నిజానికి ఆ వైపు ఊళ్లలో అది ఘనకార్యమే. అడిగి తెచ్చుకున్న పిలక సరిగ్గా నాటుకోదని, దొంగిలించి తెచ్చినది ఇంటిని నిలబెడుతుందని ఆడవాళ్ల నమ్మకం. ఆ దొంగతనానికీ ఒక పద్ధతి ఉంది. తీసుకునేవాళ్లు అడగకూడదు. చెట్టుగలవాళ్లు చూడకూడదు. నాటుకున్నాక అది ఎక్కడిదో ఎవరికీ ఎప్పటికీ చెప్పకూడదు. చెబితే దిష్టి తగిలి చెట్టు పోతుంది, దాంతోపాటు దేనికోసం నాటారో అదీ పోతుంది.

అమృతమ్మ పిలక నాటుకుంది, గెల వేసింది. గెల కోశాక తల్లిచెట్టును నరికేస్తే పక్కన పిల్లలు లేచాయి. కొన్నేళ్లకు పెరడంతా అరటి గుంపు అయింది. ఇక దొంగలు మొదలయ్యారు. పగలు అన్నాలు తిని ఊరు నడుం వాల్చే వేళ పెరటి తడిక మెల్లగా కదిలేది. అమృతమ్మ గబుక్కున ఇంట్లోకి పోయి వీపు తిప్పి కూర్చునేది. గడ్డపార గోడకు ఆనించి, చేతికి అందేటట్టు పెట్టేది. దొంగ కొత్తదైతే ఇంట్లోంచే పిల్లితో మాట్లాడినట్టు మాట్లాడేది.

మూడిళ్ల అవతల బట్టలు కుట్టే సకీనాబీ వచ్చిన రోజు అలాగే జరిగింది. గడ్డపార పడుతున్న చప్పుడును బట్టి పనెలా సాగుతోందో అమృతమ్మకు తెలిసిపోయింది.

"ఓ పిల్లీ, తల్లిచెట్టు వేరు తెగుతది, జర పక్కకు గుచ్చరాదే" అంది గోడవైపు చూస్తూ.

బయట నవ్వు ఆపుకోలేని దగ్గు వినిపించింది. "పిల్లికి నడుం నొస్తుంది అక్కా!" అంది సకీనాబీ.

"పిల్లులు మాట్లాడవమ్మా. మాట్లాడితే మొక్క సచ్చిపోతది."

అలా ఎందరు పట్టుకుపోయారో ఆమె లెక్క పెట్టలేదు. ఎవరింటి గోడ మీదనైనా అరటాకు కనబడితే తన మనవరాలిని చూసినట్టు చూసుకుని, ఏమీ ఎరగనట్టు ముందుకు నడిచేది.

*

అమృతమ్మకు ఒక్కడే కొడుకు, సుదర్శన్. కొత్తకోటలో ఒక ఓనరు దగ్గర లారీ నడిపేవాడు. బెంగుళూరు నుంచి సరుకుతో వస్తుండగా స్టీరింగు మీద కన్నంటుకుంది. బండి రోడ్డు దిగి పల్టీ కొట్టింది. క్లీనరు ఎలాగో దూకి బయటపడ్డాడు, సుదర్శన్ మోకాలు మాత్రం నలిగిపోయింది. దవాఖానలో నెలల తరబడి ఉండి, కాలు ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ రోజు అమృతమ్మ కొడుకు తలమీద చెయ్యి పెట్టి, "మళ్ల గా బండెక్కితివా, నేను బతికున్నట్టు గాదు" అంది.

ఎక్కనని అతను అనలేదు. ఎక్కుతాననీ అనలేదు. కొన్నాళ్లు పెరట్లో అరటి నీడలో మంచం వేసుకుని పడుకున్నాడు. అక్కడ పడుకునే ఒకరోజు, "అమ్మా, స్నానం నీళ్లకే ఇట్ల కాస్తుంటే, బోరు నీళ్లకు ఎట్ల కాయాలె?" అన్నాడు.

ఊరి పక్కకు కాలువ వచ్చాక వాళ్ల చేనులో బోరుకు నీళ్లు బాగానే అందుతున్నాయి. ఆ వానాకాలం సుదర్శన్ పత్తి మానేసి, ఉన్న ఎకరన్నరలో నర్సరీ నుంచి తెచ్చిన టిష్యూ కల్చర్ మొక్కలు నాటాడు, డ్రిప్పు పైపులు పరిచాడు. భార్య మాలతి, కురుమయ్య, అమృతమ్మ అందరూ చేనులోనే ఉన్నారు. ఊళ్లో కొందరు నవ్వారు. "తెలకపల్లిల అరటితోట ఏంది?" అన్నారు. నవ్వినవాళ్లే వారానికోసారి వచ్చి గట్టుమీద నిలబడి చూసిపోయేవాళ్లు. మొక్కలు మోకాలెత్తుకు వచ్చి, నడుమెత్తుకు వచ్చి, వరసలు కమ్ముకున్నాయి. తోట నిలబడితే సుదర్శన్ ఇంటి పట్టున ఉంటాడు. పోతే మళ్లీ లారీ ఎక్కుతాడు. ఇంట్లో ఈ మాట ఎవరూ పైకి అనరు కానీ, నలుగురి బుర్రల్లోనూ అదే ఉంది.

ఆ తోట నాటడానికి ముందటి కార్తీకంలో జరిగింది ఒకటి చెప్పాలి. కురుమూర్తి జాతరకు పోయి కిరాయికి మాట్లాడుకున్న తుఫాన్ జీపులో తిరిగి వస్తూ, కొత్తకోటలో చాయ్ తాగడానికి ఆగారు. దాబా వెనక గిన్నెలు కడిగే చోట అమృతమ్మకు అరటి గుంపు కనిపించింది. అందులో ఒక పిలక ఆమె కంటికి కొత్తగా ఉంది. ఎత్తు లేదు. ఆకులు వెడల్పు లేవు. సన్నగా, నిటారుగా, నెత్తిమీద కొప్పు ముడిచినట్టు అన్నీ ఒక్కచోటే గుబురుకట్టి ఉన్నాయి.

"పొట్టి రకం!" అని మురిసిపోయింది అమృతమ్మ. "గాలికి ఇరగదు, కట్టె ఆనించే పనే లేదు."

డ్రైవరును అడిగి జాకీ రాడ్డు తెచ్చి, చీర బొడ్లో దోపి తవ్వడం మొదలుపెట్టింది. మాలతి కాపలా నిలబడింది.

"అత్తమ్మా, ఎవరన్న చూస్తే ఇజ్జత్ పోతది."

"నువ్వు అటు తిరిగి పాట పాడరాదు?"

"నాకేం పాటలొస్తయి!"

"అయితే దగ్గు."

మాలతి దగ్గింది. బండిలోంచి కురుమయ్య, "కోడలికి చలి పట్టినట్టున్నది, జల్ది రాండ్రి" అని అరిచాడు. పిలక వచ్చింది. పెరట్లో మంచి చోటు చూసి నాటింది అమృతమ్మ. అది పెద్దగా ఎదగలేదు. పొట్టి రకం కదా, ఎందుకు ఎదుగుతుంది అనుకుంది. దాని పక్కన రెండు మూడు పిల్లలు లేచాయి, అవీ గుబురుగానే. వచ్చిన ప్రతి ఆడమనిషికీ చూపించి, "మా ఇంట్ల కొత్త రకం" అని చెప్పుకుంది. తీసుకోమని ఎవరితోనూ అనలేదు. అనకూడదు కదా. గడ్డపార మాత్రం ఆ పక్కన ఆనించి పెట్టింది.

వెనక వాడలో ఉండే పుష్పమ్మ కోడలు స్వరూప అప్పుడే వచ్చింది. ఆ పిల్లకు రెండు కడుపులు పోయాయి. మనిషి చిక్కి సగమైంది. కడుపు నిలవాలని కోరుకునే ఆడమనిషి దొంగ పిలక తెచ్చి తన చేత్తో నాటుకుంటే, అది వేళ్లూనినట్టే కడుపులో బిడ్డా నిలుస్తుందంటారు. తడిక దగ్గర ఆ పిల్ల నీడ చూడగానే అమృతమ్మ ఇంట్లోకి పోయింది. పోతూ పోతూ, ఎవరితోనో అన్నట్టు, "గా పొట్టిదైతే గాలికి పడేది లేదు, ఎన్నటికీ ఒరగదు" అంది. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

*

చలి మొదలైన రోజుల్లో ఉద్యాన శాఖ అధికారి నవీన్ తోట చూడటానికి వచ్చాడు. కుర్రవాడు, మాట నెమ్మది. మొక్కలు బాగున్నాయని సుదర్శన్ భుజం తట్టాడు. మాలతి బలవంతం మీద చాయ్ తాగడానికి ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుందామని పెరట్లోకి నడిచి, అక్కడే ఆగిపోయాడు.

"ఈ చెట్టు ఎక్కడి నుంచి తెచ్చారమ్మా?"

"మా చెట్టు పిలకనే సార్" అంది అమృతమ్మ. ఎక్కడిదో చెప్పకూడదన్నది ఆమె నోటికి అంతగా అలవాటైపోయింది.

"కాదు సార్, కొత్తకోటది. పొట్టి రకం" అంది మాలతి.

నవీన్ ఒక ఆకు కాడను వంచి వెలుతురుకు పట్టాడు. ముదురాకుపచ్చ రంగులో పెన్నుతో గీసినట్టు తెగిపోయిన గీతలు ఉన్నాయి. ఆకు మొదట్లో నల్లటి సన్న పురుగులు. అతను వాటిని చూపించి, తలెత్తకుండానే అన్నాడు.

"ఇది పొట్టి రకం కాదమ్మా. ఎదగలేక ఇట్ల అయింది. రోగం."

అమృతమ్మకు ముందు అర్థం కాలేదు. అతను మెల్లగా విడమరచి చెప్పాడు. దీన్ని బంచీ టాప్ అంటారు, వైరస్. మందు లేదు. పట్టిన చెట్టు గెల వేయదు. ఈ నల్ల పురుగు, పేనుబంక, ఒక చెట్టు రసం తాగి ఇంకో చెట్టు మీద వాలితే దానికీ అంటుకుంటుంది. ముందు పురుగు చావడానికి మందు కొట్టి, తర్వాత గుంపు మొత్తాన్ని గడ్డలతో సహా తవ్వి తగలబెట్టాలి. బాగున్నట్టు కనిపించేవాటిని కూడా.

"తోట ఇక్కడికి దగ్గరే గదా" అన్నాడు సుదర్శన్.

"అందుకే చెప్తున్న. అమ్మా, ఇక్కడి పిలకలు ఎవరికన్నా ఇచ్చారా?"

"ఎవరికీ ఇయ్యలే సార్" అంది అమృతమ్మ.

అది అబద్ధం కాదు. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఒక్క పిలక కూడా ఎవరికీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే పురుగు మందు కొట్టారు. మర్నాడు పొద్దున్నే కురుమయ్య తాను తెచ్చి నాటిన గుంపును తానే తవ్వాడు. మట్టి తవ్వడం అతనికి జీవితమంతా చేసిన పనే. అయినా ఆ రోజు మాటిమాటికీ ఆగి నడుం పట్టుకున్నాడు. పెరడు ఖాళీ అయ్యాక వాడలో పోయేవాళ్లు గోడ మీంచి లోపలికి చూసి, "ఏందయ్యా, ఇల్లు కొత్తగున్నది!" అన్నారు. స్నానం చేసిన నీళ్లు అలవాటుగా కాలువలోంచి పోయి ఆ గుంతలో నిలబడ్డాయి. చూడలేక అమృతమ్మ ఇంట్లోకి వచ్చేసింది.

*

ఆ మధ్యాహ్నమే ఆమె ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరింది. రోగం సంగతి చెప్పి, పాతదైనా కొత్తదైనా తన పెరటి చెట్టు ఉన్నవాళ్లందరినీ దాన్ని తీసేయమని అడగాలి. తేలిక పనే అనుకుంది. అంతా తనవాళ్లే కదా.

"అరటి పిలకనా? నాకేం ఎర్క అక్కా" అంది సకీనాబీ, కుట్టుమిషను తొక్కడం ఆపకుండా. ఆమె వెనక కిటికీలోంచి అరటాకు లోపలికి వచ్చి ఊగుతోంది.

"మరి గదేందే?"

"అదా? అది మా పుట్టింటిది."

"సకీనా, నవ్వులాట గాదు. దానికి రోగమున్నది. నా కొడుకు తోటకు అంటుకుంటది."

సకీనాబీ మిషను ఆపింది. అమృతమ్మ మొహం చూసింది. లేచి, గడ్డపార తెచ్చి ఇచ్చింది. ఒప్పుకోకుండానే ఒప్పుకోవడం అది. ఇద్దరూ కలిసి ఆ చెట్టు తీసేశారు. "పిల్లి తెచ్చిన చెట్టు, పిల్లే తీసింది" అని సకీనాబీ నవ్వించబోయింది కానీ, నవ్వు రాలేదు.

అన్ని ఇళ్లూ అలా లేవు. కొందరు తలుపు దగ్గరే ఆపేశారు. ఒకామె, "మేం దొంగలమా అమృతమ్మా?" అని నలుగురిలో కేకలేసింది. ఇన్నేళ్లుగా గడ్డపార పెట్టి, వీపు తిప్పి కూర్చుని తానే కాపాడిన మర్యాద ఇప్పుడు గోడలాగా అడ్డం నిలబడింది. ఎవరు తీసుకున్నారో ఆమె చూడలేదు. చూడలేదు కాబట్టి నువ్వే తీసుకున్నావని ఎవరినీ నిలదీయలేకపోయింది. ఆకు కనబడిన ఇళ్లకు సుదర్శన్ కూడా పోయి బతిమాలాడు. కొందరు తీశారు, కొందరు రేపు చూద్దామన్నారు. రోజులు గడిచి అవీ ఒక్కొక్కటిగా తీశారు. చివరికి అందరికీ కనబడుతున్నది ఒక్కటే మిగిలింది. పుష్పమ్మ పెరట్లోది. ఆ పెరటి గోడ దాటితే వాగు, వాగు దాటితే సుదర్శన్ తోట.

పుష్పమ్మ గడపలోనే కూర్చుని ఉంది. ఎవరో వస్తారని ఎదురు చూస్తున్నట్టే ఉంది.

"వదినె, నీకు తెల్వనిది లేదు" అని మొదలుపెట్టింది అమృతమ్మ.

"నాకు ఏమీ తెల్వదు" అంది పుష్పమ్మ. "మా ఇంట్ల ఉన్న చెట్టు మాది. కోడలికి ఐదో నెల. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నది. గా పొల్ల కిటికీలకెల్లి దాన్నే చూసుకుంట పండుకుంటది. నువ్వొచ్చి పీకుమంటే, ఏమని పీకాలె?"

"రోగం చెట్టు వదినె."

"నువ్వే కొత్త రకమని ఊరంత చెప్పుకుంటివి. ఇప్పుడు రోగమంటివి. రేపేమంటవో."

అమృతమ్మ తిరిగి ఇంటిదారి పట్టింది.

ఉపాయం మాలతికి తట్టింది. తోటలో నాటగా మిగిలిన మంచి మొక్క ఒకటి తెచ్చి ఇద్దామంది. ఇస్తే తీసుకోరు కదా అంది అమృతమ్మ. "అయితే దొంగతనం జేయనీ" అంది మాలతి. ఖాళీ పెరట్లో ఒక టిష్యూ మొక్కను, నల్ల కవరుతో సహా, పైపైన మట్టి కప్పి నిలబెట్టింది. గడ్డపార పక్కన పెట్టింది. తడిక తీసి ఉంచింది. పుష్పమ్మ చెవిన పడేటట్టు సకీనాబీ చేత మాట కూడా వేయించింది.

అత్తాకోడళ్లిద్దరూ రోజూ పగలంతా ఇంట్లో వీపు తిప్పి కూర్చున్నారు. ఎవరూ రాలేదు. ఒకసారి తడిక కదిలితే ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. మేక వచ్చి లేతాకు కొరుక్కుని పోయింది.

"దొంగతనానికి రమ్మని దొంగల చుట్టు తిరుగుడు నేను ఏడ చూడలే" అన్నాడు కురుమయ్య. ఎవరూ నవ్వకపోయేసరికి బీడీ వెలిగించుకుని బయటికి వెళ్లిపోయాడు.

మంచం దిగకూడని మనిషి ఎలా వస్తుంది? అత్త తెచ్చి నాటితే పనికిరాదు, తన చేత్తోనే నాటుకోవాలి. ఆ సంగతి వాళ్లకు ముందే తెలుసు. తెలిసీ ఎదురు చూశారు.

*

పుష్పమ్మ రేషను తేవడానికి పోయిన సమయం చూసి అమృతమ్మ స్వరూప దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల మంచం మీద ఎడమవైపుకు తిరిగి పడుకుని ఉంది. కాళ్ల కింద రెండు దిండ్లు. కిటికీలోంచి చెట్టు కనిపిస్తోంది. నడుమెత్తు కూడా లేదు. ఆకులన్నీ నెత్తి మీద ముడిచినట్టు, అంచులు పసుపు పచ్చగా. అమృతమ్మ పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక దిండు సర్దింది.

"పెద్దత్తా, నాకు ఎర్కనే నువ్వెందుకు వచ్చినవో" అంది స్వరూప. "సుదర్శన్ బావ గూడ వచ్చిండు మొన్న. మా అత్తమ్మ కొట్లాడింది."

"నువ్వేమంటవు బిడ్డా?"

స్వరూప చూపు కిటికీ మీదికి పోయింది. తర్వాత మెల్లగా అంది, "నీ పెరట్లకెల్లే తెచ్చిన."

అనకూడని మాట అనేసింది. అన్నాక భయంతో పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. అమృతమ్మ గబుక్కున ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"నేనేం ఇనలే. నాకు చెవుడు" అంది.

"నాకు గిసువంటివన్ని ఉత్తయే అనిపిస్తది పెద్దత్తా. డిగ్రీ చదువుకున్న. అయినా పొద్దున లేస్తనే దాన్ని చూస్త. అది నిలబడ్డదా లేదా అని. అది మంచిగలేదని నాకు గూడ తెలుస్తున్నది. పెరుగుతలేదు." ఆమె అమృతమ్మ కొంగు పట్టుకుంది. "కానీ సచ్చిపోలే గదా. నిలబడ్డది. నాకు పురుడయ్యేదాంక ఉండనియ్యరాదు? అటెన్క నేనే పీకేస్త. నీ కాళ్లు మొక్కుత."

పీకేయమని చెప్పడానికే వచ్చింది అమృతమ్మ. వాగు అవతల కొడుకు తోట ఆమె కళ్ల ముందు ఉంది. ఈడ్చుకుంటూ నడిచే కాలు ఉంది. ఒక్క మాట చెబితే చాలు, ఈ పిల్ల ఒప్పుకుంటుంది కూడా. ఒప్పుకుని, రేపో ఎల్లుండో ఏదైనా జరిగితే? ఏమీ జరగకపోవచ్చు. కానీ రెండుసార్లు జరిగింది.

"కాళ్లు గీళ్లు అనకు" అంది అమృతమ్మ. "నువ్వు పండుకో." లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి కొడుకుతో జరిగింది జరిగినట్టు చెప్పింది. సుదర్శన్ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. కోపం వచ్చిందని మెడ నరాలు చెబుతున్నాయి. కానీ అరవలేదు. "పోనీ మందన్న కొట్టొస్త, పురుగు సావనీకె" అన్నాడు. కడుపుతో ఉన్న పిల్ల కిటికీ పక్కన మందు కొట్టడమా అంది మాలతి. అతను అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. చివరికి మాలతి సబ్బు నీళ్లు కలిపి ఇస్తే, పుష్పమ్మ వాటిని ఆ చెట్టు మీద చెంబుతో పోసింది. కొన్ని పురుగులు రాలాయి. మిగిలినవి ఆకుల మడతల్లోకి పోయి ఉంటాయి. తన తోటకు మాత్రం సుదర్శన్ క్రమం తప్పకుండా మందు కొడుతూ వచ్చాడు. పొద్దున్నే లేచి వరస వరసా తిరిగి, ప్రతి మొక్క నెత్తీ చూసుకునేవాడు. అమృతమ్మ కూడా వెనకే తిరిగేది. నిద్రలో కూడా ఆమెకు ఆకు కాడలే కనిపించేవి, వాటి మీద గీతలు.

*

ఎండలు ముదరక ముందే వాగు వైపు వరసలో ఒక మొక్క కొత్త ఆకు సన్నగా, నిటారుగా లేచింది. సుదర్శన్ దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. కాడ వంచి వెలుతురుకు పట్టాడు. తర్వాత పక్క మొక్క, దాని పక్కది. నవీన్‌కు ఫోన్ చేశాడు. అతను సాయంత్రానికే వచ్చి, తోటంతా తిరిగి, రోగం పట్టినవాటికి ఎర్రగుడ్డ ముక్కలు కట్టుకుంటూ పోయాడు. గుడ్డ అయిపోతే మాలతి తన పాత చున్నీ చింపి ఇచ్చింది. ఒక్క వరసలో మొదలైంది తోట మధ్యదాకా పోయింది.

"సార్, ఇది ఏ చెట్టు నుంచి వచ్చిందో చెప్పొచ్చునా?" అని అడిగింది అమృతమ్మ.

"చెప్పలేమమ్మా. మీ పెరటి చెట్టు తియ్యకముందే వచ్చి ఉండొచ్చు. లోపల చాన్నాళ్లు ఉండి బయటపడుతుంది. వేరేదాని నుంచి కూడా కావచ్చు." అతను ఆమె మొహం చూడలేక పైపుల వైపు చూశాడు. "ఇప్పుడు అది తెలుసుకుని చేసేది కూడా ఏం లేదు."

అంటే స్వరూప చెట్టు తీయించి ఉంటే తోట దక్కేదో లేదో ఎప్పటికీ తెలియదు. తన పెరటి నుంచే వచ్చిందో, ఆ మంచం పక్క కిటికీలోంచి వచ్చిందో కూడా తెలియదు. తనదే తప్పని గుండెలు బాదుకోవడానికి కూడా అమృతమ్మకు ఒక చోటు దొరకలేదు.

మర్నాడు నలుగురూ చేనులోకి దిగారు. గుడ్డ కట్టినవాటిని తవ్వడం, మోసుకుపోయి గట్టు దగ్గర కుప్ప వేయడం. నడుమెత్తు దాటిన మొక్కలు, నీళ్లు తాగి బరువెక్కినవి, ఒక్కొక్కటీ పసిపిల్లంత బరువుంది. మిగిలినవి కాపాడుకోవచ్చని నవీన్ అన్నాడు కానీ, మాట గట్టిగా రాలేదు. గట్టుమీద చూడటానికి వచ్చినవాళ్లు ఈసారి నవ్వలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయారు. పుష్పమ్మ కూడా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, "వదినె, కోడలికి చెప్పకుండ్రి" అని మాత్రం అంది.

"ఎందుకు చెప్తం" అంది అమృతమ్మ. "ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. ఏడో నెల పడ్డది. తంతుందంట, లోపల."

"తన్ననీ" అంది అమృతమ్మ.

ఎండ నెత్తికెక్కింది. సుదర్శన్ గడ్డపార కింద పెట్టి, ఫోన్ మోగుతుంటే జేబులోంచి తీసి చూశాడు. తల్లి వైపు చూడలేదు. కొంచెం పక్కకు, డ్రిప్పు పైపులు దాటి, కాలు ఈడుస్తూ పోయి మాట్లాడాడు. గాలి ఇటు వైపే వీస్తోంది.

"ఆఁ అన్నా... కాలు బానే ఉన్నది. క్లచ్ తొక్కొస్తది... బెంగుళూరు లైనా? సరే. ఈ పని ఒడువనీ. సోమారం వస్త."

అమృతమ్మ చేతుల్లో అప్పుడే తీసిన మొక్క ఉంది. వేళ్ల మట్టి ఆమె చీర మీద రాలుతోంది. పోవద్దని కేకేద్దామని నోరు తెరిచింది. పోకపోతే ఏం చేస్తాడు మరి? తోటకు ఆ చివర మాలతి కూడా పని ఆపి నిలబడి ఉంది, విన్నదో లేదో తెలియదు. సుదర్శన్ తిరిగి వచ్చి, ఏమీ జరగనట్టు తరువాతి మొక్క దగ్గర కూర్చున్నాడు.

"ఇటియ్యి అమ్మా, బరువుంది" అని చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు. దాన్ని అలాగే పట్టుకుని గట్టు వైపు నడిచింది.